గాజుతొట్టిలో చెరువును నిలిపినవాడు – రాబర్ట్ వారింగ్టన్

వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట పల్లెచెరువుల రంగు మారడం కోనసీమలో ఎరుగని వారుండరు. మొన్నటిదాకా గోదావరి నీటితో కళకళలాడిన చెరువు, పారుదల ఆగి ఎండ ముదిరేసరికి పచ్చగా చిక్కబడుతుంది. రేవుమెట్ల మీద పాచి పేరుకుంటుంది. కాలు జారి పడినవారు పాచిని తిట్టుకుంటారు. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఒక ఉపాధ్యాయుడు పిల్లల ముచ్చట కోసం తరగతి గదిలో గాజుతొట్టి పెట్టి, నాలుగు చేపలను వదలి, కాలువలోని నాచుమొక్కలను తెచ్చి నాటినాడనుకుందాం. పదిరోజులు అది కన్నులపండువుగా ఉంటుంది. నెల తిరిగేసరికి గాజు మీద పచ్చని జిగురు పట్టి చేప కనబడదు. నీరంతా పారబోసి, తొట్టి తోమి, మళ్లీ నింపుతారు. మళ్లీ అదే కథ.

నాచు, పాచి అనే ఈ రెండు మాటలనూ మనం కలగలిపి వాడుతుంటాం. ఈ వ్యాసంలో ఆకూ వేరూ కలిగి నీటిలో మునిగి పెరిగే మొక్కను నాచు అనీ, రాతికీ గాజుకూ పట్టే జిగురును, నీటిని పచ్చబరచే సూక్ష్మమైన శైవలాలను పాచి అనీ అందాం. నాచు బ్రతకాలి, చేప బ్రతకాలి, పాచి మాత్రం అదుపులో ఉండాలి. ఇది ఎలా సాధ్యం? ఈ ప్రశ్నను తన ఇంట గాజుపాత్ర ముందు కూర్చుండి ఓపికగా వేసుకున్నవాడు రాబర్ట్ వారింగ్టన్. ఆ ప్రయోగం ఆయన ఆరంభించినది 1849లో. అప్పటికి రెండేళ్లుగా మన ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టిస్తున్నాడు. 1852లో అది పూర్తయినది. కాటన్ అఖండ గోదావరిని మళ్లించి మన లంకభూములకు నీరు తెచ్చే ప్రయత్నంలో ఉండగా, వారింగ్టన్ ఒక పాత్రెడు నీటిని చెడిపోకుండా నిలిపే ప్రయత్నంలో ఉన్నాడు. మొదటివాని పేరు మన ఊరూరా ఉన్నది. రెండవవాని పేరు రసాయనశాస్త్ర చరిత్ర చదివినవారికే ఎక్కువగా తెలుసును.

వారింగ్టన్ 1807లో ఇంగ్లండులోని షీర్‌నెస్ అనే ఓడరేవు పట్టణంలో జన్మించినాడు. తండ్రి థామస్ ఓడలకు ఆహారపదార్థాలు సరఫరా చేసే వ్యాపారి. ఆ వృత్తి కారణంగా కుటుంబం ఒకచోట నిలువలేదు. బాల్యం పోర్ట్స్‌మత్‌లో కొంత, సముద్రం ఆవల ఫ్రాన్సులోని బులోన్‌లో కొంత గడచినది. పిమ్మట లండనులోని మర్చంట్ టైలర్స్ పాఠశాలలో చేరినాడు. 1822లో జాన్ థామస్ కూపర్ అనే రసాయనజ్ఞుని వద్ద అయిదేళ్ల శిష్యరికానికి కుదిరినాడు. పొటాషియం, సోడియం, అయొడీన్ వంటివి అప్పట్లో అపురూప వస్తువులు. వాటిని తయారుచేయడంలో కూపర్ నేర్పరి. గొప్ప విశ్వవిద్యాలయ పట్టాలేమీ లేకుండా, గురువు పక్కన నిలబడి చేతులు కాల్చుకుంటూ నేర్చిన విద్య వారింగ్టన్‌ది. కండ్లతో చూచినదానినే నమ్మే అలవాటు ఆయనకు అక్కడ అబ్బినది.

1828లో లండను విశ్వవిద్యాలయం తలుపులు తెరచినప్పుడు అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ టర్నర్ ఆయనను సహాయకునిగా తీసుకున్నాడు. 1831 నుండి 1839 వరకు లండనులోని ఒక పెద్ద బీరు కర్మాగారంలో రసాయనజ్ఞునిగా పనిచేసినాడు. 1842లో ఔషధాలు తయారుచేసే అపోతికరీల సంఘంలో రసాయనశాల నిర్వహణ ఆయనకు అప్పగించబడినది. థేమ్స్ నదికి దాపున ఉన్న ఆ సంఘ భవనమే దాదాపు పాతికేళ్లపాటు ఆయన కార్యక్షేత్రం.

వారింగ్టన్ చేసిన పనులలో శాస్త్రలోకం మిక్కిలి కృతజ్ఞతతో తలచుకొనేది మరొకటి ఉన్నది. అంతవరకు ఇంగ్లండులో రసాయనజ్ఞులకు తమదంటూ నిలిచిన సంఘం లేదు. ఒకరి పని ఒకరికి తెలియదు. వారింగ్టన్ పూనుకొని ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టినాడు. ఆ పూనిక ఫలితంగా 1841లో లండను కెమికల్ సొసైటీ ఏర్పడినది. థామస్ గ్రాహం మొదటి అధ్యక్షుడు. పీఠం మీద మరొకరిని కూర్చుండబెట్టి, వారింగ్టన్ తాను కార్యదర్శిగా పదేళ్లు చాకిరీ చేసినాడు. తన పేరు ముందుకు రావాలన్న ఆరాటం కంటె పని సాగాలన్న తపన ఎక్కువ గల స్వభావం ఆయనది.

తేయాకులో కల్తీని పట్టి చూపినవారిలోనూ ఆయన ఒకడు. ఆ రోజులలో ఇంగ్లండుకు వచ్చే పచ్చ తేయాకులో చాలా భాగానికి ఆ పచ్చదనం స్వతహాగా వచ్చినది కాదు. ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగునూ, జిప్సం పొడినీ పూసి ఆకుకు రంగు తెప్పించేవారు. సూక్ష్మదర్శినితోనూ, రసాయన పరీక్షతోనూ వారింగ్టన్ ఆ పూతను బయటపెట్టినాడు. తేయాకు మీది దొంగ పచ్చదనాన్ని పట్టుకున్న ఆ కన్నే కొన్నేళ్లకు గాజుపాత్ర మీది పచ్చని జిగురును పరిశీలించినది.

1849 నాటి లండను నీటి సంగతి తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఊరి మురుగంతా థేమ్స్‌లో కలిసేది. ఆ నీటినే చాలామంది త్రాగేవారు. 1848, 1849 సంవత్సరాలలో కలరా వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. నీరు ఎందువల్ల చెడుతుంది, ఎందువల్ల శుభ్రంగా నిలుస్తుంది అన్న ప్రశ్న ఆ నగరంలో కేవలం కుతూహలం తీర్చుకొనే ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నకు పూర్వరంగం ఉన్నది. మూతవేసిన పాత్రలో కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనామొక్క మళ్లీ మంచిగాలిగా మార్చుతుందని 1771లో ప్రీస్ట్లీ కనుగొన్నాడు. ఆ పని వెలుతురులోనే, ఆకుపచ్చని భాగాలలోనే జరుగుతుందని 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించినాడు. జంతువు విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహిస్తుంది. మొక్క విడిచిన ప్రాణవాయువును జంతువు పీల్చుకుంటుంది. అట్లయితే ఒక పాత్రలో చేపనూ మొక్కనూ సరిపాళ్లలో ఉంచితే, నీరు మార్చకుండానే రెండూ బ్రతకవలెను కదా! వారింగ్టన్ పరీక్షింపదలచినది ఈ మాటనే.

సుమారు 12 గ్యాలన్లు, అనగా 54 లీటర్లు, పట్టే గాజుపాత్ర తీసుకున్నాడు. అడుగున ఇసుక, బురద పరచి, చేపలు నీడకు చేరడానికి వీలుగా రాళ్లు పేర్చినాడు. సగం దాకా మామూలు ఊటనీరు పోసినాడు. లండను గాలిలోని మసి పడకుండా పాత్ర మీద పలుచని మస్లిను గుడ్డ కప్పినాడు. రెండు చిన్న బంగారుచేపలను వదలినాడు. వాలిస్నేరియా అనే నీటిమొక్కను వేళ్లు బురదలో దిగేటట్లు నాటినాడు. రిబ్బనుల వంటి పొడవాటి ఆకులు గల ఈ మొక్క ఉష్ణదేశాలలోని చెరువులలోనూ, కాలువలలోనూ పెరిగేదే. దాని కుటుంబానికే చెందిన హైడ్రిల్లా మన కాలువలలో ఎంత విస్తారమో చెప్పనక్కరలేదు. 1793లో కలకత్తా వెళ్లకముందు మన సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల గురించిన తన గ్రంథంలో వాలిస్నేరియా ఆక్టాండ్రా అని ఒక నీటిమొక్కకు పేరు పెట్టినాడు. బ్లిక్సా అని పేరు మారిన ఆ మొక్కను నేడు గాజుతొట్లలో పెంచేవారున్నారు. కనుక వారింగ్టన్ పాత్రలోని పచ్చదనం మనకు పరాయిది కాదు.

మొదట అంతా సవ్యంగానే సాగినది. చేపలు హాయిగా తిరుగుతున్నవి. సిద్ధాంతం గెలిచినట్లే కనబడినది. కాని కొద్దికాలానికి వాలిస్నేరియా ముదురాకులు పసుపుబారి, కుళ్లి, నీటిలో కలవడం మొదలైనది. నీరు కలకబారినది. నీటి పైననూ, పాత్ర గోడల మీదనూ పచ్చని జిగురు పాచి అలుముకున్నది. ఇట్లే సాగితే చేపలు చచ్చి తీరుతవి. ప్రాణవాయువు లెక్క సరిపోయినది గాని, చావు లెక్క ఎవరూ వేయలేదు. బ్రతికినవాటికి చోటు చూపిన సిద్ధాంతం, చచ్చిన ఆకు ఎక్కడికి పోవాలో చెప్పలేదు.

ఇక్కడనే వారింగ్టన్ గొప్పతనం ఉన్నది. ఆయన రసాయనజ్ఞుడు. పాచిని చంపగల మందులు ఆయన అలమరలో ఎన్నైనా ఉండి ఉంటవి. నీరు పారబోసి పాత్ర తోమించుకోవడం మరింత సులభం. ఆయన ఆ రెండూ చేయలేదు. పల్లెలోని కుంటలో కుళ్లిన ఆకును ఎవరు తీసివేస్తున్నారు అని ఆలోచించినాడు. ఆలోచించి, అయిదారు చెరువునత్తలను తెచ్చి పాత్రలో వదలినాడు. వాటిని శాస్త్రజ్ఞులు లిమ్నియా అంటారు. అవి నింపాదిగా, ఆగకుండా గాజు మీద ప్రాకుతూ, కుళ్లిన ఆకునూ పచ్చని జిగురునూ తిని కొద్దికాలంలోనే పాత్రను శుభ్రపరచినవి. నీరు తేటపడినది. అంతటితో ఆగలేదు. నత్తలు పెట్టిన గుడ్లు, వాటి పిల్లలు చేపలకు ఆహారమైనవి. ఒకరి మలం మరొకరికి ఎరువు, ఒకరి శవం మరొకరికి భోజనం. చేప, మొక్క అనే రెండు కాళ్ల మీద నిలువలేక తూలిన పీట, నత్త అనే మూడవ కాలు వచ్చి నిలబడినది.

1850లో ఈ ప్రయోగ వృత్తాంతాన్ని తాను స్థాపించిన కెమికల్ సొసైటీ ముందే ఉంచినాడు. అందులో తన తొలి ఓటమిని దాచలేదు. ఆకులు కుళ్లిన సంగతి, నీరు చెడిన సంగతి, నత్తలను తేవలసివచ్చిన సంగతి యథాతథంగా చెప్పినాడు. ప్రయోగశాల పుస్తకాలలో ఫలితం తారుమారైతే సరిచేసి రాసే మన విద్యార్థులు ఈ సంగతి గమనింపవలెను. పాచి పట్టకపోయి ఉంటే నత్త అవసరం ఆయనకు తెలిసేది కాదు. చెడిన ప్రయోగమే ఆయనకు పాఠం చెప్పినది.

పిమ్మట ఆయన సముద్రజలం మీద ఇదే పరిశోధన సాగించినాడు. తీరానికి దూరంగా ఉన్న లండనులో సముద్రజీవులను సముద్రపు మొక్కల సాయంతో బ్రతికించడానికి శ్రమించినాడు. ఆ రోజులలోనే ఫిలిప్ గాస్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు కూడ ఇదే పనిలో ఉన్నాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల భవనం తెరవబడినది. 1854లో గాస్ అక్వేరియం గురించి చక్కని వర్ణచిత్రాలతో గ్రంథం ప్రకటించినాడు. ఇక ఇంగ్లండులో ఇంటింటా గాజుతొట్టి పెట్టుకొనే మోజు పుట్టినది. గాస్ చేయితిరిగిన రచయిత. ఆయన పుస్తకం ఇళ్లలో చదివినారు. వారింగ్టన్ రచనలు శాస్త్రపత్రికల పుటలలో ఉండిపోయినవి. తొట్టి ముందు కూర్చున్న పిల్లలకు గాస్ పేరు తెలిసినంతగా వారింగ్టన్ పేరు తెలియలేదు. కొన్నేళ్లకు ఆ మోజు చల్లారినది. నత్త సంగతీ, సరిపాళ్ల సంగతీ తెలియక తొట్లు పెట్టినవారికి మిగిలేది కంపుకొట్టే పచ్చనీరే.

1864లో రాయల్ సొసైటీ వారింగ్టన్‌ను సభ్యునిగా ఎన్నుకొని గౌరవించినది. బ్రిటిష్ ఔషధకోశ నిర్మాణంలో ఆయన శ్రమ కూడ ఉన్నది. 1867 నవంబరు 17వ తేదీన, అరవై ఏళ్ల వయస్సులో, డెవన్ తీరంలోని బడ్లీ సాల్టర్‌టన్ అనే ఊరిలో ఆయన కన్నుమూసినాడు.

కాని కథ అక్కడ ముగియలేదు. గాజుపాత్రలో చేపలు తిరుగుతున్న ఆ 1849లో ఆయన కుమారునికి పదకొండేళ్లు. అతని పేరు కూడ రాబర్ట్ వారింగ్టనే. తండ్రి ప్రయోగశాలలోనే అతడు రసాయనశాస్త్రానికి ఓనమాలు దిద్దినాడు. 1876లో రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో చేరి, నేలలోని నత్రజని ఏమవుతున్నదో వెదకినాడు. కుళ్లిన పదార్థం నుండి పుట్టిన అమోనియా ముందు నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుతుందనీ, ఈ రెండు మెట్లనూ వేరువేరు సూక్ష్మజీవులు నడుపుతవనీ ఏళ్ల తరబడి శ్రమించి చూపినాడు. ఆ సూక్ష్మజీవులను విడదీసి పెంచే పని మాత్రం ఆయన చేతికి అందలేదు. 1890లో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఆ పని సాధించినాడు. తండ్రికి గాస్ ఎట్లో కుమారునికి వినోగ్రాడ్‌స్కీ అట్లు. కీర్తిలో పెద్దపాలు మరొకరిది. ఆ కుమారుని కుమార్తె కేథరిన్ వారింగ్టన్ కూడ రోథాంస్టెడ్‌లోనే పనిచేసి, చిక్కుడు జాతి మొక్కలకు బోరాన్ అత్యల్ప పరిమాణంలోనైనా లేనిదే గడవదని 1923లో నిరూపించినది. మూడు తరాలవారు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినారు: మొక్క ఏమి తిని బ్రతుకుతుంది?

తాతకు కనబడనిదేదో ఈ తరువాతివారి పని వలన మనకు కనబడుతున్నది. నత్త పాచిని తిన్నమాట నిజమే. కాని పాచిని పెంచిన నత్రజని, భాస్వరం అందువల్ల తొట్టి దాటి పోవు. నత్త మలంగా మళ్లీ నీటిలోనే చేరుతవి. వాటిని తీసుకొనేది నాచుమొక్క. సూక్ష్మజీవులు అమోనియాను నైట్రేటుగా మార్చితే, ఆ నైట్రేటును మొక్క వేరూ ఆకూ పీల్చుకొంటవి. మొక్క ఆరోగ్యంగా పెరుగుతున్నంత కాలం పాచికి మిగిలే తిండి తక్కువ. మొక్క నీరసించి ఆకు కుళ్లితే పాచికి పండుగ. వారింగ్టన్ పాత్రలో జరిగినది ఇదే. కనుక నత్త కాపలాదారు మాత్రమే. అసలు రైతు నాచుమొక్క. ఆకలి ముదిరితే ఆ నత్తయే పచ్చని ఆకును కూడ కొరుకుతుంది.

ప్రాణవాయువు విషయంలోనూ లెక్క కొంత మారినది. మొక్క పగలు ప్రాణవాయువును ఇచ్చినా, రాత్రి చేపతోపాటు తానూ పీల్చుకుంటుంది. నీటి ఉపరితలం గుండా గాలి నుండి చేరే ప్రాణవాయువు కూడ చేపకు ముఖ్యాధారం.

తరగతి గదిలో తొట్టి పెట్టదలచిన ఉపాధ్యాయునికి ఈ చరిత్ర నుండి దొరికే సూత్రాలు కష్టమైనవి కావు. తొట్టిని నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెట్టరాదు. దీపం పెడితే రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు చాలును. మొదటిరోజుననే నాచు దండిగా నాటవలెను. చేపలను కొద్దిగా, మొక్కలు కుదురుకున్న తరువాతనే వదలవలెను. మేత రెండు నిమిషాలలో అవి తినగలిగినంతే వేయవలెను; మిగిలిన మేత పాచికి ఎరువు. పసుపుబారిన ఆకును కుళ్లకముందే గిల్లివేయవలెను. వారానికొకసారి నాలుగవవంతు నీరు తీసి, క్లోరిన్ లేని నీరు పోయవలెను. నీరంతా ఒక్కసారి పారబోసి, ఇసుకతో సహా తోమితే నైట్రేటు చేసే సూక్ష్మజీవులు కూడ పోయి, కథ మళ్లీ మొదటికి వస్తుంది. మైలుతుత్తం వేస్తే పాచి చస్తుంది, దానితోపాటు నత్తలూ చస్తవి, మోతాదు తప్పితే చేపలూ చస్తవి. చచ్చినదంతా కుళ్లి కొత్త పాచికి మేత అవుతుంది. నత్తలను మన ఊరి చెరువు నుండే తెచ్చుకోవచ్చును. పరాయిదేశపు నత్తలనూ మొక్కలనూ తొట్టిలో పెంచి, విసుగుపుట్టగానే కాలువలో పారవేయడం మహాపరాధం. అందం కోసం దేశాలు దాటించిన గుర్రపుడెక్క మన కాలువలను ఎట్లు కమ్ముకొన్నదో అందరికీ ప్రత్యక్షమే.

ఈ సూత్రాలు గాజుతొట్టితోనే ఆగవు. కోనసీమలో నేడు వరిచేలు ఎన్నో చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారినవి. మేత ఎక్కువై నీరు చిక్కని పచ్చగా మారిన చెరువులో, మబ్బుపట్టిన రోజు గడచి తెల్లవారబోయే వేళ, చేపలు నోళ్లు పైకెత్తి గాలికోసం తపించడం రైతులకు తెలిసినదే. పగలు ప్రాణవాయువునిచ్చిన ఆ పచ్చదనమే రాత్రి దానిని హరించినది. అది ఒక్కసారిగా చచ్చి కుళ్లితే మిగిలిన కాస్త ప్రాణవాయువు కూడ పోతుంది. ఒక్క రాత్రిలో ఒక కుటుంబపు ఏడాది కష్టం నీటిమీద తేలుతుంది. వారింగ్టన్ పాత్రలో రెండు బంగారుచేపలకు వచ్చిన ముప్పూ, మన రైతు చెరువుకు వచ్చే ముప్పూ పరిమాణంలోనే వేరు. మేతకూ, వెలుతురుకూ, మొక్కకూ, చావుకూ లెక్క కుదరకపోవడమే రెండింటి మూలం.

కాటన్ ఆనకట్ట నీటిని మనకు తెచ్చి ఇచ్చినది. ఆ వచ్చిన నీటిని చెడకుండా ఎట్లు కాచుకోవాలో చెప్పే పాఠం అదే కాలంలో లండనులోని ఒక గాజుపాత్ర గోడ మీద అయిదారు నత్తలు ప్రాకుతూ చెప్పినవి. దానిని చదువగలిగిన కన్ను వారింగ్టన్‌ది. ఈసారి తరగతి గదిలోని తొట్టికి పాచి పట్టినప్పుడు, దానిని తోమివేయడానికి ముందు, మన ఉపాధ్యాయులు పిల్లలను ఒక్కక్షణం దాని చుట్టూ కూర్చుండబెట్టి, ఇది ఏమి తిని పెరిగినదని అడిగితే ఆ పాఠం తిరిగి ఆరంభమవుతుంది.